ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు

కవితను పత్రికకు ఎలా పంపాలో నాకు తెలిసినంత బాగా ఢిల్లీలో ఇంకే తెలుగువాళ్ళకూ తెలియదని చాలాకాలం నమ్మాను. తెల్లకాగితానికి ఒకవైపే రాయాలి. ఎడమపక్క రెండువేళ్ళ మార్జిన్ వదలాలి. కొట్టివేతలు ఉండకూడదు. చివర హామీపత్రం జతచేయాలి. 'ఈ కవిత నా స్వంతం. దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు. ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు. మరే పత్రిక పరిశీలనలోనూ లేదు.' కింద సంతకం, తేదీ. దాంతోపాటు మన చిరునామా మనమే రాసి, స్టాంపులంటించిన తిరుగు కవరు. కవిత నచ్చకపోతే వాళ్ళు ఆ కవర్లోనే పెట్టి వెనక్కి పంపేస్తారు. సరోజినీ నగర్‌లో మా క్వార్టర్ మెట్ల కింద తపాలా డబ్బా ఉండేది. అందులో నా చేతిరాతే నాకు కనిపించిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ కూరలో ఉప్పు సరిగ్గా పడేది కాదు.

పదిహేనేళ్ళలో అలా ఇరవైమూడు కవితలు అచ్చయ్యాయి. వాటిని కత్తిరించి, కాగితాలకు అంటించి, ఆఫీసు ఫైలు అట్టలో దాచుకున్నాను. ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుని. కాగితం చేతికొస్తే ఫైలు చేయకుండా ఉండలేను. ఆ ఇరవైమూడు కవితల పుణ్యాన తెలుగు సంఘంలో నన్ను 'కవయిత్రిగారు' అని పిలిచేవాళ్ళు. ఉగాది కవిసమ్మేళనంలో చివరి కవిత ఎప్పుడూ నాదే. చివర చదవడం గౌరవమని నేననుకునేదాన్ని. అప్పటికి జనం భోజనాలకు లేచిపోతారని మా ఆయన అనేవారు.

పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలు మూడు. ఒకటి మా పెద్దమ్మ కొడుకు రాశాడు. రెండోది, నా కవిత పక్కనే అచ్చయిన మరొకాయనకు రాయబోయి నాకు రాసింది. మూడోది మాత్రం అచ్చంగా నాకే వచ్చింది. ఒక పోస్టుకార్డు, నాలుగు వాక్యాలు. దాన్ని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాను. ఇంటికి ఎవరైనా వస్తే ఆ ఫైలు తెరిచేది కవితలు చూపించడానికి కాదు, ఆ కార్డు వాళ్ళ కంట పడాలని.

రెండువేల ఏడులో అనుకుంటాను, ఉగాది సమ్మేళనం అయ్యాక మా కుటుంబం, ఇంకొందరం కలిసి అశోకా రోడ్‌లో తెలుగు భోజనం దొరికే క్యాంటీన్‌కి వెళ్ళాం. ఆదివారం కావడంతో అక్కడ పెద్ద క్యూ. నా వెనక ఒక అమ్మాయి నిలబడింది. పాతికేళ్ళు ఉంటాయేమో, జీన్స్ మీద ఖాదీ కుర్తా. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని, కరీంనగర్ దగ్గర ఊరని చెప్పింది.

"ఆంటీ, మీ కవిత మంచిగుండె. ఆఖరి లైన్లు మస్తు నచ్చినయి నాకు."

'కవయిత్రిగారు' అన్న పిలుపుకు అలవాటుపడ్డ చెవికి ఆ 'ఆంటీ' కాస్త గుచ్చుకుంది. అయినా పొగడ్త కదా, పుచ్చుకున్నాను.

"నువ్వూ రాస్తావేంటమ్మా?"

"ఏదో... బ్లాగుల రాస్త ఆంటీ."

"బ్లాగా? అది ఏ ఊరి పత్రిక?"

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వి ఉంటే తర్వాతి కథంతా నాకు కొంచెం తేలికగా ఉండేది. బ్యాగులోంచి ఏదో బిల్లు తీసి, దాని వెనక అడ్రసు రాసిచ్చింది. "ఫుర్సత్ ఉన్నప్పుడు సూడుండ్రి" అంది.

ఆ సాయంత్రమే ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని మా కూతురి చేత తెరిపించాను. అది తొమ్మిదో తరగతి. తెలుగు వింటుంది, హిందీలో జవాబు చెబుతుంది, చదవడం మాత్రం రాదు. తెర మీద నాలుగంటే నాలుగు లైన్లు ఉన్నాయి.

పీజీ గదిలో ముగ్గురం
మూడు అలారాలు
ఎవరిది మోగినా
ముగ్గురికీ తెల్లారుతుంది

ఇంతేనా అనుకున్నాను. ఇంకా కింద ఉందేమో చూడమన్నాను. కింద కవిత లేదు, వ్యాఖ్యలున్నాయి.

"మమ్మీ, ఫార్టీ వన్ కామెంట్స్! యే దీదీ తో ఫేమస్ హై."

"నీకు చదవడం రాదుగా, నీకెలా తెలుసు?"

"నంబర్ తో పఢ్ సక్తీ హూఁ నా."

ఆ నలభైఒక్కటీ నేను కూర్చుని చదివాను. 'అద్భుతం.' 'కళ్ళు చెమర్చాయి.' 'మా హాస్టల్ రోజులు గుర్తొచ్చాయండీ.' హైదరాబాదు నుంచి ఒకరు, సింగపూర్ నుంచి ఒకరు, ఎక్కడో మంచు కురిసే ఊరి నుంచి ఇంకొకరు. అన్నీ రెండు రోజుల్లో వచ్చినవే. పదిహేనేళ్ళు, మూడు ఉత్తరాలు, అందులో ఒకటి పక్క కవితాయనకు రావలసింది. కడుపు మండిపోయింది. దాన్ని ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

మర్నాడు బస్సులో వెళ్తుంటే ఇంకో మంట మొదలైంది. మా ఇంట్లోనూ మూడు అలారాలు మోగుతాయి. మా ఆయనది ఐదింటికి, నాది ఐదున్నరకు, పిల్లది ఆరింటికి. ఐదింటికే ముగ్గురమూ లేచి, ముగ్గురమూ విసుక్కుంటాం. పదేళ్ళుగా అది రోజూ నా చెవి పక్కనే మోగుతోంది. నేనేమో 'ఓ ఉషోదయమా' అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. అలారం మాత్రం నాకు తట్టలేదు. ఎవరికో కామెంట్లు వచ్చాయని ఏడిస్తే కాసేపటికి తగ్గేదేమో. ఆ నాలుగు లైన్లు నేను రాసుండాల్సినవి అన్న ఏడుపు మాత్రం తగ్గలేదు.

మా సెక్షన్‌లో అప్పటికి కొత్తగా నా బల్ల మీద ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు పెట్టారు. ఆ గుర్‌గావ్ అమ్మాయి బ్లాగు తెరవడం నా దినచర్యలో పడింది. పొద్దున పదకొండుకు, సెక్షన్ ఆఫీసరుగారు మీటింగుకు వెళ్ళగానే ఒకసారి. భోజనాల వేళ ఒకటిన్నరకు ఒకసారి. నాలుగింటికి టీ వచ్చినప్పుడు ఒకసారి. కొత్త కవిత పదింబావుకో పదిన్నరకో పెట్టేది. నేను తెరిచేసరికి ఇంకా ఎవరూ చూసి ఉండేవాళ్ళు కాదు, కింద '0 వ్యాఖ్యలు' అని ఉండేది. వెంటనే ప్రింటు తీసేదాన్ని. ఒకవైపు వాడేసిన పాత సర్క్యులర్లు ప్రింటరులో పెట్టుకునే అలవాటు మాకు. సెలవు నిబంధనలు ఒకవైపు, ఆ పిల్ల కవిత ఒకవైపు. వారం తర్వాత కామెంట్లన్నీ చేరాక మళ్ళీ ఒక ప్రింటు. అలారాలతో సహా పాతవి కూడా అన్నీ తీశాను.

ఎందుకంటే తప్పులు వెతకడానికి. ఎర్రపెన్ను తీసుకుని నోట్‌షీటు దిద్దినట్టు ఒక్కో లైను కింద గీతలు గీసుకుంటూ పోయేదాన్ని. మా పక్కసీటావిడ ఓసారి తొంగిచూసి, "కోయీ అర్జెంట్ ఫైల్ హై క్యా?" అని అడిగింది. "బహుత్ అర్జెంట్" అన్నాను.

ఒక్క వ్యాఖ్య కూడా పెట్టలేదు. పెద్దదాన్ని, అచ్చులో పేరున్నదాన్ని, ఆ 'అద్భుతం' గుంపులో చేరడమేమిటి అనుకున్నాను. అసలు సంగతి అది కాదు. బావుందని రాయడానికి నా చెయ్యి రాలేదు.

జూన్‌లో నేనూ ఒక బ్లాగు తెరిచాను. పేరు, రంగు, పక్కన గులాబీ బొమ్మ, అన్నీ మా పిల్లే పెట్టింది. నా ఇరవైమూడు కవితలూ ఒంటివేలితో కొట్టి వరసగా ఎక్కించాను. వారం రోజులు ఎవరూ పలకలేదు. ఎనిమిదో రోజు ఒక వ్యాఖ్య కనబడగానే మా పిల్లను కేకేశాను. 'బ్లాగ్లోకానికి స్వాగతం. వర్డ్ వెరిఫికేషన్ తీసెయ్యండి' అని ఉంది. తర్వాత మరొకరు అదే మాట రాశారు. మూడోవారూ అదే. వ్యాఖ్య రాసేవాళ్ళను ఆపి, వంకరటింకర అక్షరాలు చూపించి, అవి మళ్ళీ కొట్టమని అడిగే కాపలా అది అని మా పిల్ల చెప్పి తీసేసింది. తీసేశాక వాళ్ళు మళ్ళీ రాలేదు. కాపలా తప్ప నా బ్లాగులో వాళ్ళకు మాట్లాడాలనిపించింది ఇంకేమీ లేదన్నమాట.

వానలు పడ్డాక ఒక ఆదివారం ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. సరోజినీ నగర్ మార్కెట్లో బట్టలు కొనుక్కుని, రెండు చేతుల్లో సంచులతో, తడిసిన జుట్టుతో. ఉగాది రోజున నేనే మర్యాదకి రమ్మన్నానట. పెసరట్టు వేసి పెట్టాను. పైకి నవ్వుతూనే ఉన్నాను.

"ఆంటీ, మీ తాన ఒకటి నేర్చుకుందామని వచ్చిన. పేపరుకు కవిత ఎట్ల పంపుతరు?"

"నీకు పేపరెందుకమ్మా? అక్కడ అంతమంది చదువుతుంటే?"

పెసరట్టు ముక్క తుంచి ప్లేట్లోనే వదిలేసింది. "మా బాపుకు కంప్యూటర్ తెల్వది ఆంటీ. ఆదివారం పేపర్ల కవితలు మాత్రం ఒక్కటి ఇడ్వడు, వేలు పెట్టుకొని సదువుతడు. నేను రాస్తనని గూడ ఆయనకు ఎర్క లేదు. ఒకనాడు అండ్ల నా పేరు సూసిండనుకో..." అని ఆగింది. "గంతే."

ఆ మాట నన్ను తాకలేదని చెప్పను. తాకింది. కానీ దాని వెనకే ఇంకోటి తాకింది. అచ్చు ఒక్కటే నాకు మిగిలింది, ఇప్పుడు అదీ అడుగుతోంది. ఈ పిల్ల అక్కడికీ వస్తే వచ్చే ఉగాదికి చివరి కవిత నాది కాదు. ఎవరిదో నాకు తెలుసు.

అన్నీ పద్ధతిగా చెప్పాను. కాగితం, మార్జిన్, సంతకం. హామీపత్రం దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకున్నాను.

"ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదని రాసివ్వాలమ్మా. నీవన్నీ అయిపోయాయి కదా మరి."

"బ్లాగుల పెట్టినా ప్రచురణేనా?"

"కాదా మరి? నాలుగు దేశాలవాళ్ళు చదివాక ఇంకా ప్రచురణ కాదంటే ఎలా? అబద్ధపు సంతకం చెయ్యకూడదు."

నిజానికి ఆ రోజుల్లో ఈ సంగతి ఎవరూ తేల్చలేదు. చాలామంది సంపాదకులకు బ్లాగంటే ఏమిటో కూడా తెలియదు. ముందు నెలలోనే నేను ఒక కొత్త కవితను నా బ్లాగులో పెట్టి, అదే కవితకు హామీపత్రం రాసి, సంతకం చేసి వారపత్రికకు పంపాను. ఆ అమ్మాయికి మాత్రం సర్వీసు రూల్సు చదివి వినిపించినట్టు చెప్పాను.

"మరి తిరుగు కవరు?" అంది. ఎక్కడో చదివిందట.

"అది పెట్టకు. పెడితే వెనక్కి పంపమని మనమే అడిగినట్టు ఉంటుంది."

ఇది అచ్చంగా అబద్ధం. తిరుగు కవరు లేకపోతే కవిత ఏమైందో ఎప్పటికీ తెలియదు. ఆ అమ్మాయి అన్నీ చిన్న నోట్‌బుక్కులో రాసుకుంది. వెళ్ళేటప్పుడు నా కాళ్ళకు దండం పెట్టబోతే నేనే వెనక్కి జరిగాను.

తర్వాతి బుధవారం పదకొండుకు బ్లాగు తెరిస్తే, అలాంటి పేజీ లేదని ఇంగ్లీషులో వచ్చింది. నెట్‌లో ఏదో తేడా అనుకున్నాను. ఒకటిన్నరకూ అదే. నాలుగింటికీ అదే. అప్పుడు అర్థమైంది. మిగతా ఎవరైనా అయితే నా మాట విని తల ఊపి, ఏదో ఒక కవిత మీద మామూలుగా సంతకం చేసి పంపేసేవాళ్ళు. ఈ పిల్ల సంతకం నిజం కావడానికి మొత్తం బ్లాగే చెరిపేసింది. కవితలూ, వాటి కింద వందల వ్యాఖ్యలూ అన్నీ పోయాయి.

మొదట కలిగింది సంతోషమే, అబద్ధమెందుకు. ఆ రోజు టీతో పాటు సమోసా తెప్పించుకుని తిన్నాను. మర్నాడు పదకొండుకు చెయ్యి దానంతటదే ఆ అడ్రసు కొట్టింది. ఆ మర్నాడూ అంతే. వారానికల్లా నాకు మధ్యాహ్నాలు గడవడం మానేశాయి. ఎర్రపెన్నుకు పనిలేదు. నా కవితలు కూడా ఆగిపోయాయి. అప్పటిదాకా గమనించుకోలేదు, ఏప్రిల్ నుంచి నేను రాసిన ప్రతిదీ ఆ పిల్ల మీద పంతంతో రాసిందే. లైన్లు పొట్టివయ్యాయి, 'ఓ' అని పిలవడం తగ్గింది. పంతం పట్టడానికి మనిషి లేకపోయేసరికి మళ్ళీ ఉషోదయాల్లో పడ్డాను.

సెప్టెంబరులో నా బ్లాగుకు ఒక కొత్త వ్యాఖ్య వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిందని పరుగున తెరిచాను. 'మీరూ ఢిల్లీయే కదండీ, గుర్‌గావ్ నుంచి రాసే ఆ అమ్మాయి ఎందుకు మానేసిందో తెలుసా?' అని ఉంది. నా కవిత గురించి ముక్క లేదు. ఒళ్ళు మండి ఆ వ్యాఖ్య తీసేశాను. తీసేసి, సీట్లోంచి లేచి, మంచినీళ్ళు తాగి వచ్చాను.

జనవరిలో ఒక శనివారం ఆ అమ్మాయి ఫోన్ చేసి వచ్చింది. పొగమంచుకి ధౌలా కువాన్ దగ్గర గంటసేపు బస్సు కదల్లేదట. స్వెటరు మీద శాలువా కప్పుకుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. హైదరాబాదుకి బదిలీ అడిగితే ఇచ్చారని, వచ్చేవారం వెళ్ళిపోతున్నానని చెప్పింది.

"పేపరు నుంచి ఏమన్నా వచ్చిందా?" అని అడిగాను. అడగకపోతే బావుండదని.

"రాలే ఆంటీ. పన్నెండు పంపిన. కవరు పెట్టలే గదా, చేరినయో లేదో గూడ తెల్వది." కొంచెం నవ్వింది. "ఆ పన్నెండు నోట్‌బుక్కుల ఉన్నయి. మిగిలినయి అన్ని సీదా బ్లాగులనే టైప్ చేస్తుంటి. సాఫ్ట్‌వేర్ దాన్నయి ఉండి కాపీ పెట్టుకోలే. కామెంట్లు గూడ పాయె."

నేను టీలో చక్కెర సరిపోయిందా అన్నాను.

"ఒక్కటే బాధ ఆంటీ. పేజీ పక్కకు ఒక కౌంటరు పెట్టిన, ఏ ఊరోళ్ళు ఎప్పుడు సూసిన్రో నాకు కనవడ్తది. ఢిల్లీ నుంచి ఒకరు రోజు మూడుసార్లు వస్తుండె. పదకొండుకు, ఒకటిన్నరకు, నాలుగింటికి. శని ఆదివారాలు రాకపోతుండె, ఆఫీసు మనిషే. ఒక్కనాడు గూడ కామెంటు పెట్టలే. నేను గా మనిషి కోసమే పదిన్నర లోపల పోస్టు చేస్తుంటి, పదకొండుకు వస్తరని. పుసుక్కున తీసేసిన, చెప్పకుంట. ఏమనుకున్నరో ఏమో."

నా ముఖం ఎలా ఉందో తెలియదు. వంటింట్లో పని ఉన్నట్టు లేచి, పడగ్గదిలోకి వెళ్ళి, బీరువా ముందు నిలబడ్డాను. నా ఇరవైమూడు కవితల ఫైలు పక్కన ఆ పిల్ల కవితల ప్రింట్ల ఫైలు ఉంది. నాదానికన్నా రెండింతలు లావు. అది ఇవ్వకపోతే, ఆ పన్నెండు తప్ప ఆ పిల్ల కవితలు ఇక లేవు. ఇస్తే నేనేమిటో తెలిసిపోతుంది. తెలియదని చెప్పి, టిఫిన్ పెట్టి పంపించేయొచ్చు. వచ్చేవారం వెళ్ళిపోతుంది, ఇక కనపడదు. బీరువా తలుపు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, "ఆంటీ, నేను పోవాల్నా?" అని హాల్లోంచి వినిపించింది.

ఫైలు తెచ్చి ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టాను.

మొదటి కాగితం తిప్పింది. అలారాలు. తర్వాతిది. తర్వాతిది. '0 వ్యాఖ్యలు' అన్నచోట వేలు పెట్టింది. కాగితం తిరగేసి వెనకనున్న సర్క్యులరు చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"గా ఢిల్లీ మనిషి మీరేనా ఆంటీ?"

"నేనే."

"ఈ ఎర్రగీతలు?"

"తప్పులు వెతికాను."

"దొరికినయా?"

"రెండు," అన్నాను. "మిగతా గీతలు నాకు రాయడం రానివాటి కింద."

అంతవరకూ వచ్చాక మిగిలింది కూడా చెప్పేశాను. బ్లాగు సంగతి ఎవరూ తేల్చలేదని, నేను అలాంటి సంతకమే చేసి పంపానని, కవరు పెట్టొద్దన్నది కావాలనేనని. "నీ మీద అసూయతో చేశాను" అన్నాను. ఇంకేదో కారణం కలపాలనిపించింది గానీ కలపడానికి ఏమీ లేదు.

ఆ అమ్మాయి కాగితాలు వెనక్కి తిప్పుకుంటూ మళ్ళీ మొదటిదానికి వచ్చింది. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. అరుస్తుందని, ఏడుస్తుందని చూశాను. రెండూ చేయలేదు. ఫైలు మూసి, నాడా ముడివేసి, సంచిలో పెట్టుకుంది.

"నలభైమంది అద్భుతం అన్నా, గా మనిషికి నచ్చిందో లేదోనని సూస్తుంటి," అంది లేస్తూ. "ఒక్క కామెంటన్నా పెట్టకపోతిరి ఆంటీ."

మెట్లు దిగుతూ వెనక్కి తిరగలేదు. కిందటిసారి 'పోయొస్త ఆంటీ' అని వెళ్ళింది, ఆ రోజు అదీ అనలేదు.

ఆ ఉగాదికి చివరి కవిత నాదే. జనం భోజనాలకు లేస్తుంటే చదివాను.

మే నెలలో ఆఫీసు కంప్యూటరులో ఒక మెయిల్ చూశాను. అందులో మాటలేమీ లేవు, ఒక అడ్రసు మాత్రం ఉంది. తెరిచాను. కొత్త బ్లాగు, తెల్లటి పేజీ, ఒకటే కవిత.

బాపు నా పేరు దొరకబట్టి
వేలు ఆనించి సదివిండు
తెరమీద మరక
తుడవబుద్ధయితలేదు

కింద '0 వ్యాఖ్యలు'. గోడ గడియారంలో పదకొండు దాటి ఐదు నిమిషాలు. ప్రింటు తీయలేదు, పెన్ను తీయలేదు. ఆ 'మరక' దగ్గర మళ్ళీ అదే పాత మంట మొదలైంది. ఆ మాట నాకెందుకు రాలేదు? వ్యాఖ్యలు రాసే డబ్బా తెరిచి, నా పూర్తి పేరుతో, ఒంటివేలితో కొట్టాను. 'చదివాను. చాలా బావుంది. నాకు కుళ్ళుగా ఉంది.' మీట నొక్కితే వంకరటింకర అక్షరాలు అడ్డొచ్చాయి. కాపలా తీయడం మరిచిపోయినట్టుంది ఆ పిల్ల. రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారికి వదిలింది.

నాలుగింటికి టీ వచ్చినప్పుడు మళ్ళీ తెరిచాను. నా మాట కింద ఆ అమ్మాయి జవాబు ఉంది. 'ఫైలు మొత్తం సూసిన ఆంటీ. గీతలు మస్తున్నయి గని గా రెండు తప్పులు ఏవో సమజైతలేవు. చెప్పుండ్రి, దిద్దుకుంట.'

తప్పులేవీ లేవు, ఆ రోజు అదొక్కటీ అబద్ధం చెప్పానని రాయడానికి నాకు ఇంకో వారం పట్టింది.